ముఫ్త్ సామాన్‌కు ఐలాన్ ఎవరు చేస్తారు?

మా బాన్సువాడలో ఈమధ్య షాదీ రుఖాల మీద ఉర్దూ తగ్గిపోతోంది. పైన బిస్మిల్లా ఉంటుంది, అది కార్డుతో పాటే అచ్చయి వస్తుంది. కింద దుల్హా దుల్హన్ పేర్లు ఇంగ్లీషులో, ఫంక్షన్ హాల్ అడ్రస్ తెలుగులో. ఉర్దూలో కావాలంటే నిజామాబాద్ పోవాలి, లేదా వాట్సాప్‌లో మేటర్ పంపి ఇంతెజార్ చేయాలి. మనవడి రుఖా దాదీమా చేతిలో పెడితే ఆమె చదువుకోలేదు. పదో తరగతి దాకా ఉర్దూ మీడియంలో చదివి, డిగ్రీ తెలుగులో చేసి, తెలుగు అఖ్బార్‌లో రాసుకుంటూ బతికే నాకు ఇది కొంచెం ఎక్కువే గుచ్చుకుంటుంది.

డీటీపీ చేసే తమ్ముణ్ణి అడిగితే సూటిగా చెప్పాడు: "ఉర్దూ సాఫ్ట్‌వేర్ కొనాలె భాయ్‌సాబ్. నెలకు రెండు రుఖాలొస్తయి. గిట్టుబాటు ఎట్లయితది?"

నిజానికి కొనక్కర్లేదు. లిబ్రేఆఫీస్ ముఫ్త్. కుడి నుంచి ఎడమకు రాసే వీలు అందులో ఉంది. నోటో నస్తాలిఖ్ ఉర్దూ అనే ఫాంట్‌ను గూగుల్ 2014లో విడుదల చేసింది. అదీ ముఫ్తే. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. ఓపెన్ సోర్స్ అంటే హకీం సాబ్ తన నుస్ఖాను దాచుకోకుండా దవాఖానా గోడ మీద రాసిపెట్టడం లాంటిది. ఏళ్లుగా ఇవన్నీ ఉన్నాయి. ఆ తమ్ముడికి చెప్పినవాళ్లే లేరు.

కొనే సాఫ్ట్‌వేర్‌కు ఏజెంట్ ఉంటాడు. దుకాణ్‌కు వచ్చి, ఎక్కించి, అరపూట కూర్చుని కీబోర్డు నేర్పి పోతాడు. దొంగ కాపీకి కూడా ఒక మనిషి ఉంటాడు, పెన్‌డ్రైవ్ పట్టుకుని. ముఫ్త్ సామాన్‌కే ఎవరూ ఉండరు. కమీషన్ లేని చోటికి ఎవరొస్తారు? పైగా ముఫ్త్ అనగానే షక్ మొదలవుతుంది. "ఊకనే ఇస్తున్నరంటే ఏదో మతలబ్ ఉంటది గద?" అన్నాడు తమ్ముడు. అతన్ని తప్పుపట్టలేను. ముఫ్త్ పేరుతో మోసాలు మనం తక్కువ చూశామా?

మంచి సామాన్ తనంతట తనే పాకుతుందని నాతో వాదించేవాళ్లున్నారు. ఫైర్‌ఫాక్స్ సంగతి చూడండి. 2004 నవంబర్ 9న అది వచ్చేనాటికి దాదాపు ప్రతి కంప్యూటర్‌లోనూ మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎక్స్‌ప్లోరరే. ఫైర్‌ఫాక్స్‌ను ఇష్టపడినవాళ్లు చందాలు వేసుకుని, అదే ఏడాది డిసెంబర్ 16న న్యూయార్క్ టైమ్స్‌లో రెండు పేజీల ఇష్తెహార్ ఇచ్చారు. చందా ఇచ్చిన దాదాపు పది వేల మంది పేర్లు అందులో చిన్న అక్షరాల్లో అచ్చయ్యాయి. మన దగ్గర జల్సాకు గల్లీ గల్లీ తిరిగి చందా వసూలు చేసి పోస్టర్లు వేస్తారే, అచ్చం అట్లాగే. సామాన్ మంచిదే, అయినా ఐలాన్ తప్పలేదు.

ఐలాన్ లేకుండానే మన చేతుల్లోకి వచ్చింది కూడా ఒకటుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో తెలుగు ఒత్తు అక్షరం కింద సరిగ్గా కూర్చోవాలన్నా, ఉర్దూ హర్ఫ్ పక్క హర్ఫ్‌తో కలవాలన్నా లోపల హర్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ పనిముట్టు పనిచేయాలి. ఆ పేరు ఫార్సీ. హర్ఫ్ మనకు తెలిసిందే, బాజ్ అంటే తెరిచి ఉన్నది. దాన్ని ఇంతదాకా తెచ్చినవాళ్లలో ముఖ్యుడు ఇరాన్‌లో పుట్టిన బెహ్దాద్ ఎస్ఫహ్‌బద్. (నాకైతే ఈ పేరు మీదే ముచ్చటేసింది.) మనం దాన్ని ఎంచుకోలేదు, ఫోన్‌తో పాటు వచ్చేసింది. ఫోన్‌కు కావలసినన్ని ఇష్తెహార్లున్నాయి. మనిషి తానుగా వెతికి ఎక్కించుకోవాల్సిన సాఫ్ట్‌వేర్‌కు ఆ భాగ్యం లేదు. కేరళ సర్కారీ బడుల్లో లినక్స్ నడుస్తోందంటే సర్కారే దాన్ని తన భుజాన వేసుకుని, టీచర్లకు ట్రైనింగ్ ఇచ్చింది కాబట్టి. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థవాళ్లు తెలుగులో ఒక ఆపరేటింగ్ సిస్టమే తయారు చేశారు. మా బజార్‌లో అడిగితే ఆ పేరు విన్నవాళ్లు దొరకలేదు.

ఐలాన్ అంటే తారీఫ్ ఒక్కటే కాదు, ఐబ్‌లు కూడా చెప్పాలి. తమ్ముడి కంప్యూటర్‌లో ఆ నస్తాలిఖ్ ఫాంట్ ఎక్కిస్తే లైన్ల మధ్య ఎడం మరీ ఎక్కువొచ్చింది. రుఖా చిన్నది, మేటర్ పెద్దది. గంట కుస్తీ పట్టి సర్దుకున్నాం. ప్రెస్ వాళ్లేమో కోరల్‌డ్రా ఫైల్ అడుగుతారు, పీడీఎఫ్ ఇస్తే నఖ్రాలు. ఎక్కడో కూర్చుని ఫాంట్ తయారు చేసేవాళ్లకు బాన్సువాడ రుఖా సైజు ఎట్లా తెలుస్తుంది? ఇక్కడ నలుగురు వాడి షికాయత్ రాస్తేనే మరమ్మత్ జరుగుతుంది. ఇట్లాంటి సాఫ్ట్‌వేర్‌కు గిరాకీ అంటే పైసలిచ్చేవాడు కాదు, తప్పు చూపించేవాడు, తర్జుమా చేసిపెట్టేవాడు. ఫైర్‌ఫాక్స్ తెలుగు మెనూలు అట్లా వాలంటీర్లు తర్జుమా చేసినవే.

మీ ఇంట్లో ఇంజినీరింగ్ చదివే పిల్లలుంటే ఈద్‌కు ఊరొచ్చినప్పుడు దగ్గర్లోని డీటీపీ దుకాణ్‌లో ఒక పూట కూర్చోమనండి. ఈద్ ముందు రోజు వద్దు, గిరాకీ ఎక్కువుంటుంది. లిబ్రేఆఫీస్, ఫాంట్ పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లాలి. ఏ మీట నొక్కితే ఏ హర్ఫ్ వస్తుందో చూపే ఉర్దూ కీబోర్డు బొమ్మ ఒకటి ప్రింటు తీసి, మానిటర్ పక్కన గోడకు అతికించి రావాలి. టేప్ కూడా వెంట తీసుకుపోతే మంచిది.