తీసివేత రాని లెక్కల విద్యార్థి

మా ఊరు చిల్లకల్లు పక్కన. ఒకప్పటి కృష్ణా జిల్లా మెట్ట. 2022లో ఎన్టీఆర్ జిల్లాలో కలిసింది. మెట్ట అంటే ఏమిటో పుస్తకాల్లో చదవనక్కర్లేదు. తవుడు బస్తా కట్టుకుని జగ్గయ్యపేట నుంచి సైకిలు తొక్కితే పిక్కలే చెబుతాయి.

నాన్నకు మోకాళ్ల నొప్పులు వచ్చాక ఆ బస్తా నా వంతయింది. నాది పాత గేరు సైకిలు. ముందు 42, 34, 24 పళ్ల చక్రాలు మూడు. వెనక 14 నుంచి 28 పళ్ల దాకా ఏడు. ముందు 24, వెనక 28 మీద పెడలు ఒక చుట్టు తొక్కితే వెనక చక్రం 0.86 చుట్టు తిరుగుతుంది. వెనక 34 ఉంటే 0.71 చుట్టే. అంటే ఎక్కుడు తేలిక! అమ్మ పాలడబ్బులు ఇచ్చింది. నందిగామలో 34 పళ్ల ఫ్రీవీలు కొని, నేనే బిగించేశాను.

మర్నాడు బస్తాతో ఎక్కుడు మొదలైంది. కంగారులో ముందు 42 మీదే ఉంచి వెనక 34కి మార్చాను. చైను బిర్రబిగుసుకుంది. ఫట్! చైనును పక్క చక్రానికి మార్చే డిరైలరు మెలిపడి పుల్లల్లో ఇరుక్కుంది. బస్తాతో సహా నడిపించుకుంటూ మళ్లీ పేటకే.

సైకిలు షాపు బాబాయ్ చూసి, "ఏం చదువుతున్నావబ్బాయ్?" అన్నాడు.

"బి.ఎస్సీ. లెక్కలు."

"మరి తీసివేత రాదా?" అని సుద్దముక్కతో గచ్చు మీదే వేశాడు. ముందు 42లోంచి 24 పోతే 18. వెనక 28లోంచి 14 పోతే 14. మొత్తం 32. నా డిరైలరు 34 దాకా సర్దుకోగలదు, అందుకే ఇన్నాళ్లూ నడిచింది. వెనక 34 పెడితే 20, మొత్తం 38. పైగా దాని పొట్టి చెయ్యి 28 పళ్లకు మించిన చక్రాన్ని దాటలేదు. పాత చైను పొడవూ చాలదు.

"చెయ్యి పొడుగున్నది కావాలి. 34 పళ్లు దాటేది, మొత్తం 43 సర్దేది. పెద్ద చక్రం, పెద్ద చక్రం మీద చుట్టి చైను కొలుచుకోవాలి" అన్నాడు.

పాలడబ్బులు మళ్లీ అడగాల్సి వచ్చింది. అమ్మ కొంగుముడి విప్పుతూ, "కొనకముందు ఆయన్నే అడగకపోయావా నాయనా?" అంది.

ఇప్పుడు బస్తా ఎక్కుడు ఎక్కుతోంది. మిత్రులారా, పెద్ద చక్రం మీద ఆశపడటం తప్పు కాదు. దాన్ని మోసే చెయ్యి ఎంత పొడుగో ముందు చూసుకోండి.