నాలుగు స్క్రూలు, కొంచెం సబర్

మా పెద్దోడు డిగ్రీ చదువుతూ షాదీ వీడియోలు ఎడిట్ చేస్తాడు. కాలేజీ ఫీజు వాడి కమాయీలోంచే పోతుంది. మేడ మీద రేకుల గదిలో వాడి కంప్యూటర్. మే నెల గర్మీకి వీడియో ఎక్స్‌పోర్ట్ పెడితే ప్రాసెసర్ 95 డిగ్రీలకు చేరేది. పని నత్తనడక, ఒక్కోసారి సిస్టం పూరా బంద్. ప్రాసెసర్‌తో పాటు వచ్చిన చిన్న కూలర్ ఆ వేడికి చాలలేదు. సికింద్రాబాద్ సీటీసీకి వెళ్లి పెద్ద టవర్ కూలర్ తెచ్చుకున్నాం. క్యాబినెట్‌లో దాని ఎత్తు పడుతుందా, ర్యామ్‌కు తగులుతుందా అని ముందే కొలుచుకున్నాం.

"షాపులోనే బిగించుకొద్దాం అబ్బా" అన్నాడు వాడు.

నాకు ఆటో ప్రయాణం గుర్తొచ్చింది. క్యాబినెట్ నిలువుగా ఉంటే అంత బరువూ పల్చటి బోర్డుకు వేలాడుతుంది. గుంతల్లో ప్రతి కుదుపూ బోర్డుకే తగులుతుంది. "ఇంట్లోనే చేద్దాం బేటా, జల్దీ ఏముంది" అన్నాను.

పాత కూలర్ తీయడమే అసలు ఇమ్తిహాన్. వాడిది ఏఎం4 రైజెన్. కింద 1331 సన్నని పిన్నులు. పేస్ట్ గట్టిపడి ఉంటే, కూలర్‌ను నిటారుగా లాగితే లివర్ వేసి ఉన్నా ప్రాసెసర్ కూడా ఊడొస్తుంది, పిన్నులు వంగుతాయి. అందుకే ముందు పావుగంట సిస్టం నడిపాం. పేస్ట్ మెత్తబడింది. తర్వాత ఆఫ్ చేసి, వైరు పీకి, పవర్ బటన్ కాసేపు నొక్కిపట్టాం. ఒంట్లోని స్టాటిక్ కరెంటు పోవడానికి క్యాబినెట్ ఇనుమును తాకాం. క్యాబినెట్‌ను పడుకోబెట్టాం. స్క్రూలు విప్పేటప్పుడు బోర్డు వెనకనున్న ప్లేటు జారిపోకుండా నేను చెయ్యి పెట్టాను. వాడు కూలర్‌ను అటూ ఇటూ కొద్దిగా తిప్పి, నెమ్మదిగా లేపాడు. ప్రాసెసర్ సలామత్‌గా తన జాగాలోనే ఉంది.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పాత పేస్ట్ తుడిచి, బఠాణీ గింజంత కొత్తది పెట్టాం. కొత్త కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర ఉంటుంది, దాన్ని పీకాలి. అది ఉండిపోతే వేడి కూలర్‌కు ఎక్కదు.

ఇక స్క్రూలు. ఒకటి పూర్తిగా బిగించి రెండోదానికి పోతే కూలర్ ఒరుగుతుంది, ఒత్తిడంతా ఒక మూల పడుతుంది. షామియానా కట్టేవాళ్లను చూడండి. ఇటు తాడు కొంచెం లాగితే అటు తాడు కొంచెం లాగుతారు. అట్లాగే ఎదురెదురు మూలలకు రెండేసి చుట్లు తిప్పుకుంటూ పోయాం. ఆగిన చోట ఆపేశాం. ఇంకా జబర్దస్తీ చేస్తే బోర్డు వంగుతుంది. తెలుగు రాసేటప్పుడు 'నజాకత్' అన్న మాటకు నేను 'సున్నితం' అని వాడేవాణ్ని. బలం ఉండీ దాన్ని వేళ్ల దగ్గరే ఆపుకోవడం కూడా నజాకతే అని ఆ రోజు మా వాడి చేతుల్లో చూశాను.

ఫ్యాన్ గాలి క్యాబినెట్ వెనక్కి పోయేలా పెట్టి, వైరును బోర్డు మీద సీపీయూ ఫ్యాన్ అని రాసున్న పిన్నులకు తగిలించాం. మూత వేయకముందే ఆన్ చేసి, ఫ్యాన్ తిరుగుతోందా, బయాస్‌లో వేడి ఎంతుందో చూసుకున్నాం. అప్పుడు ఇత్మీనాన్ కలిగింది.

ఆ రాత్రి ఒక వలీమా వీడియో ఎక్స్‌పోర్ట్ పెట్టాడు. 75 డిగ్రీలు దాటలేదు. ఆ ఇంటివాళ్లు పైసలిచ్చి వీడియో తీసుకెళ్లిన రోజే వాడు సెమిస్టర్ ఫీజు కట్టొచ్చాడు.