గోగాకును చూసి

హిందూపురంలో మా మిద్దె మీద పాత బక్కెట్లో ఒక గోగు మొక్క నిలువెత్తు పెరిగింది. కూరకు పెంచే గోంగూర కాదు, నార గోగు. కింది ఆకులు గుండ్రంగా ఉంటాయి, పైకి పోయేకొద్దీ ఐదు వేళ్లుగా చీలిపోతాయి. బంతి కోసం పైకొచ్చిన పక్కింటి పిల్లవాడు దాని ముందు ఆగిపోయాడు.

"అవ్వా, ఇది ఆ ఆకే కదా?" అని గొంతు తగ్గించి అడిగినాడు.

"ఏ ఆకురా?"

పేరు చెప్పలేదు, నవ్వినాడు. ఒక ఆకు తుంచి నోట్లో వేసుకోమన్నాను. పులుపుకు కళ్లు గట్టిగా మూసుకుని, "ఓ, గోంగూరా!" అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎనిమిదో తరగతి పిల్లవాడికి గంజాయి ఆకు తెలుసు. టీషర్టుల మీద చూశాడు, బైకుల వెనక స్టిక్కర్ల మీద చూశాడు. గోగు చెట్టు మాత్రం తెలియదు. మా నాయన చేని గట్టున గోగు వేసి, కట్టెలు కుంటలో నానేసి, నార ఒలిచి ఎద్దులకు పగ్గాలు పేనేవాడు. రెండు తరాలలో ఆ చెట్టు మాసిపోయి, దాని పోలిక ఉన్న ఇంకో చెట్టు బొమ్మ పిల్లల కళ్లలో నిలిచింది.

పోలిక పొరపాటు వాడొక్కడిదే కాదు. లిన్నేయస్ కూడా ఆ ఆకును చూసే గోగుకు హైబిస్కస్ కన్నాబినస్ అని పేరు పెట్టాడు, అంటే గంజాయిని పోలిన మందారం అని. దగ్గరికి పోతే తేడా తెలుస్తుంది. గోగాకు ఒకే ఆకు, చీలికలు పడి ఉంటుంది. గంజాయిలో ఒక్కో రెక్కా విడివిడి ఆకులా, అంచున రంపపు పళ్లతో ఉంటుంది. గోగు పువ్వు లేత పసుపు, నడుమ ముదురు ఎరుపు. ఈ తేడా ప్రతి తోటగత్తెకూ తెలిసి ఉండాలి. ఎందుకంటే ఒకటి పప్పులోకి పోతుంది, ఇంకొకటి పదేళ్లు జైలుకు పంపగలదు.

పిల్లవాడి ప్రశ్న పట్టుకుని నేను తెలిసిన తోటల వాళ్లందరినీ అడిగాను. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఒకే రైలు దారిలో ఉన్నాయి. సొర గింజలు, చిక్కుడు గింజలు మార్చుకోవడానికి మాకు రాకపోకలున్నాయి. లోకంలో చాలాచోట్ల ఇంట్లో గంజాయి మొక్క పెంచుకోనిస్తున్నారు, మన దగ్గరా అలా వస్తే పెంచుతారా అన్నది నా ప్రశ్న.

ధర్మవరం వదిన నన్ను పూర్తిగా అడగనివ్వలేదు. వాళ్లది నేతగాళ్ల వీధి. పాత డ్రమ్ములు సగానికి కోసి వంకాయ, మిరప పెంచుతుంది. "మగ్గం గుంటలో కూర్చునే పిల్లోనికి చెయ్యి అదిరితే పోగు తెగుతాది వదినా. ఒక పోగు తెగితే అతుక్కుంటాం. రోజూ తెగితే ఆ ఇల్లు ఏమయితాది?" అంది. విశాఖ వైపు నుంచి బెంగళూరుకు పోయే కొన్ని రైళ్లు ధర్మవరం జంక్షన్ మీదుగా వస్తాయి. అక్కడి తల్లులకు గంజాయి అంటే పెరటి మొక్క కాదు, సంచుల్లో వచ్చి వీధి చివర పొట్లమయ్యే సరుకు.

ఆమె భయానికి ఆధారం ఉంది. మన్యంలో పెరిగే శీలావతి రకం గంజాయికి దేశమంతా గిరాకీ. బయటి వ్యాపారులు పెట్టుబడి పెట్టి ఆదివాసుల చేత వేయించిన పంట అది. 2021 చివర మొదలైన ఆపరేషన్ పరివర్తన్‌లో ఏడున్నర వేల ఎకరాలకు పైగా తోటలు నరికేశారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర రెండు లక్షల కిలోల సరుకును ఒకేచోట కాల్చారు. 2024లో ఈ పని కోసమే ఈగల్ అనే పోలీసు విభాగం వచ్చింది. 1972 నంబరుకు ఫోన్ చేస్తే ఎవరైనా సమాచారం చెప్పవచ్చు.

పెనుకొండ చిన్నాయన మాట వేరు. బడిపంతులుగా పనిచేసి దిగినాడు. కొండ కింద బైరాగులు దిగినప్పుడు చిలుముల పొగ చూసినవాడు. వాళ్లు పోయిన చోట గింజ రాలి మొలిచిన మొక్కలు కూడా చూశానంటాడు. 1985లో మాదకద్రవ్యాల చట్టం వచ్చిన తర్వాతే ఊళ్లో ఆ మాట గుసగుస అయిందని ఆయన జ్ఞాపకం. "మన పెరట్లో గన్నేరు లేదా? ఉమ్మెత్త లేదా? గన్నేరు పప్పు తిని ఎంతమంది పోయినారో నీకు తెలియదా? వాటికి లేని శిక్ష దీనికెందుకమ్మా? చెట్టు ఏం నేరం చేసింది?" అని నిలదీసినాడు.

చెట్టు నేరం చేయదు, నిజమే. కానీ చిన్నాయనా, గన్నేరు కాయ కోసం రాత్రి గోడ దూకి ఎవరూ రారు. ఒక మొక్క ఉందని తెలిస్తే చాలు, మన మెట్ల మీదికి ఎవరొస్తారో, వాళ్ల వెనక ఏ పిల్లవాడొస్తాడో మన చేతుల్లో ఉండదు. గంజాయి వనంలో తులసి మొక్క అని మంచివాళ్లను మెచ్చుకుంటాం. తులసి వనంలో గంజాయి నాటినప్పుడు కాపలా ఎవరు కాయాలో కూడా ఆలోచించాలి. ఈ మాట చెబితే ఆయన చాలాసేపు ఊరకుండి, "అది మాత్రం నిజమే" అన్నాడు.

మా వీధిలో ఒక టీచరమ్మ కూతురు కాలిఫోర్నియాలో ఉంది. అక్కడ 2016లో జనం ఓటు వేసి, ఇంటికి ఆరు మొక్కల దాకా పెంచుకోవచ్చని చట్టం చేసుకున్నారు. టీచరమ్మ పోయినప్పుడు పక్కింటాయన టమాటాల పక్కనే దాన్ని పెంచుతున్నాడట. మనం కరివేపాకు పిలక ఇచ్చినంత తేలికగా ఒక నారు కుండీ తెచ్చి ఇవ్వబోయాడట. అల్లుడు చేతులు జోడించి వద్దన్నాడు. రాష్ట్రం ఒప్పుకున్నా అమెరికా కేంద్ర చట్టం ఒప్పుకోదు. పౌరసత్వానికి సత్ప్రవర్తన చూసేటప్పుడు రాష్ట్ర చట్టం కాపాడదని 2019లో అక్కడి వలస శాఖ స్పష్టంగా చెప్పింది. అక్కడున్న మన పిల్లలు ఇది గుర్తుంచుకోవాలి. పక్కింటాయనకు తోటపని అయినది, వాళ్లకు బతుకుతెరువుకే ముప్పు.

కెనడా 2018లో ఇంటికి నాలుగు మొక్కలంది, జర్మనీ 2024 ఏప్రిల్ నుంచి మనిషికి మూడంది. థాయ్‌లాండ్ కథ తోటల వాళ్లకు మరీ చెప్పదగ్గది. 2022లో మత్తుమందుల జాబితాలోంచి తీసేసి, ఇళ్లకు పది లక్షల మొక్కలు పంచుతామంది. మూడేళ్లు తిరిగేసరికి వైద్యుడి చీటీ ఉంటేనే పువ్వు అమ్మాలని కట్టడి పెట్టింది. పంచడం తేలిక, పంచినదాన్ని మళ్లీ గీత లోపలికి తేవడం కష్టం.

ఇక మన చట్టం. నాకు దీని మీద ఒక బాధ ఉంది, దాచుకోను. గంజాయి అంటే పువ్వు, కాయ ఉన్న కొసలు. విడిగా ఉన్న ఆకు, గింజ ఆ నిర్వచనంలోకి రావు. కిలో లోపు గంజాయితో పట్టుబడితే శిక్ష ఏడాది దాకా. కానీ మొక్క పెంచితే పదేళ్ల దాకా కఠిన శిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా. ఒక కుండీ అయినా ఒక కొండవాలు అయినా సెక్షన్ ఒకటే, సాగుకు చిన్న పరిమాణమనే మెట్టే లేదు. కిలో సరుకు జేబులో పెట్టుకు తిరిగేవాడి కంటే, తెలియక ఒక గింజ మొలకెత్తించుకున్న పిచ్చివాడు పెద్ద శిక్షకు దగ్గరగా ఉన్నాడు. శిక్ష పదేళ్లే పడుతుందని కాదు, ఎంతన్నది న్యాయమూర్తి చేతిలో ఉంది. అయినా ఆ మెట్టు చట్టంలోనే రాసి ఉండాలి.

తనంత తాను మొలిచిన మొక్క సంగతి వేరు. ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు, స్థలంలో మొక్కలు కనబడితే చాలదు, వాటిని నిందితుడే సాగు చేశాడని రుజువు కావాలంది. అయితే తన స్థలంలో అక్రమంగా సాగైన మొక్క ఉందని తెలిస్తే పోలీసులకు చెప్పవలసిన బాధ్యత ఆ స్థలం గలవారిదని అదే చట్టం 46వ సెక్షన్ అంటుంది. తెలిసీ ఊరకుంటే అదీ తప్పే.

ఇదే చట్టంలో 14వ సెక్షన్ ఒకటుంది. నార కోసం, గింజ కోసం, ఉద్యానం కోసం ప్రభుత్వం షరతులు పెట్టి ఈ మొక్కను పెంచనివ్వవచ్చని అందులో ఉంది. ఇలాంటి వెసులుబాటుతోనే ఉత్తరాఖండ్ 2018లో, మత్తునిచ్చే టీహెచ్‌సీ 0.3 శాతం లోపు ఉన్న రకాలను నారకు, గింజకు వేయనిచ్చింది. హిమాచల్ కూడా ఆ దారి పట్టింది. 2021లో ఆ గింజను, గింజ నూనెను ఆహారంగా కేంద్ర ఆహార భద్రతా సంస్థ గుర్తించింది.

నా విన్నపం రెండు మాటలు. మిద్దెతోటల వాళ్లకు: ఈ మొక్కను నాటకండి, సరదాకు కూడా వద్దు. గోగు వేయండి, పిల్లలను పిలిచి ఆకు నోట్లో పెట్టి పులుపు చూపించండి. ప్రభుత్వానికి: కుండీకి, కొండవాలుకు వేర్వేరు లెక్క చట్టంలో రాయించండి. అనంతపురం దగ్గర రేకులకుంట పరిశోధన కేంద్రంలో కంచె వేసి, కాపలా పెట్టి, మత్తు లేని నార రకం ఒక మడి వేయించండి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానతో బతికే మా సీమలో అది నిలుస్తుందో ఎండుతుందో ఆ మడిలోనే తేలాలి.