బీరువాలో బొమ్మ: చేసిందెవరు, తెచ్చిందెవరు

ఇదివరకు ఈ పేజీలో తాత లెక్కల పుస్తకం గురించి, ఇత్తడి పడి గురించి రాసినాము. ఈసారి వంతు ఒక ప్లాస్టిక్ బొమ్మది. నాలుగంగుళాలకు కొంచెం తక్కువ ఎత్తున్న సిపాయి. తల, చేతులు, మోకాళ్లు తిరుగుతాయి. వీపు మీద ఒక స్క్రూ. నడుము వదులై కాళ్లు వేలాడుతున్నాయి. కృష్ణగిరి దగ్గర మా ఊరి ఇంట్లో, అవ్వ బీరువాలో చాలా ఏండ్లు ఉన్నింది. ఇల్లు పంచుకున్నప్పుడు హోసూరుకు వచ్చింది.

దాని గురించి అవ్వ చెప్పే మాట ఒకటే: "మీ పెదనాయన అమెరికా నుంచి అంపినాడు. మీ అత్త పెండ్లికి వచ్చిన పార్సెల్‌లో ఉన్నింది." పెండ్లి 1986లో. బొమ్మ నడుము వెనక కూడా 1986 అనే అచ్చు ఉంది, పక్కన హాస్‌బ్రో అని అమెరికా కంపెనీ పేరు. ఇంకేం సాక్ష్యం కావాలి? వచ్చిన చుట్టాలందరికీ అవ్వ బొమ్మను తీసి చూపించేది. మేమూ అదే మాట చెప్పుకుంటూ పెరిగాము.

పోయిన ఏడు పెదనాయన అమెరికాలోనే పోయినాడు. ఆయన కూతురు, నాకు అక్క, ఫోన్ చేసి అడిగింది: "నాన్న ఊరికి పంపిన బొమ్మ ఒకటి మీ దగ్గర ఉందంట కదా? నాన్నకీ ఊరికీ మధ్య మిగిలిన వస్తువు ఒకటైనా మా పిల్లలకు చూపించాలి. ఇస్తారా?"

ఇవ్వడానికి నాకేమీ అడ్డు లేదు. కానీ పెట్టెలో పెట్టి, పైన "పెదనాయన పంపినది" అని రాసే ముందు అది నిజమో కాదో చూడాలనిపించింది. నేను చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. "పనిచేస్తా ఉంది" అని ఒకరు చెప్తే, ఎక్కడ పనిచేయదో వెతకడానికే మాకు జీతం.

నేను చదివింది కన్నడ మీడియం. తెలుగు అక్షరాలు పెద్దయ్యాక నేర్చుకున్నాను. రెండు లిపులూ అక్కచెల్లెళ్ల మాదిరి ఉంటాయి, చాలా అక్షరాలకు తలకట్టు చూసే ఏది ఏదో చెప్పాల. అందుకే చిన్న తేడా దగ్గర కన్ను ఆగడం నాకు అలవాటు. బొమ్మను కిటికీ దగ్గర పెట్టి, ఫోన్ టార్చి పక్కవాటుగా వేసి చూసినాను. హాస్‌బ్రో పేరు కింద ఇంకో వరస ఉన్నట్టు కనిపించింది, చదవడానికి రాలేదు. చిటికెడు ముగ్గుపిండి వేలితో రుద్దితే అక్షరాల గుంతల్లో తెల్లగా నిలిచింది: "మేడ్ ఇన్ ఇండియా".

మరి పక్కనే ఉన్న 1986 ఏమిటి? ఇక్కడ చాలామంది పొరబడతారు. బొమ్మ మీద కంపెనీ పేరు పక్కన ఉండే సంవత్సరం ఆ రూపానికి హక్కు తీసుకున్న సంవత్సరం. అచ్చులోనే చెక్కి ఉంటుంది. ఆ అచ్చు పదేండ్లు వాడినా, పది దేశాలు తిరిగినా సంవత్సరం మారదు. బొమ్మ ఆ సంవత్సరం కన్నా ముందుది కాదు అని మాత్రమే దాన్నిబట్టి చెప్పొచ్చు.

బొమ్మ జాతి తెలుసుకోవడం కష్టం కాలేదు. ఇది జీ.ఐ. జో. 1982లో హాస్‌బ్రో ఈ చిన్న సైజు సిపాయిలను మొదలుపెట్టింది. లోపల ఒక రబ్బరు రింగు నడుమునూ కాళ్లనూ పట్టుకొని ఉంటుంది. ఏండ్లు గడిస్తే రబ్బరు తెగిపోతుంది, అందుకే మా సిపాయి కాళ్లు వేలాడేది. అమెరికాలో అమ్మినవి ఎక్కువగా హాంకాంగ్‌లో, చైనాలో తయారైనవి. బ్రెజిల్‌లో ఎస్ట్రెలా అనే కంపెనీ ఇవే బొమ్మలను అనుమతి తీసుకుని చేసింది. మన దేశంలో చేసింది ఫన్‌స్కూల్. టైర్ల కంపెనీ ఎం.ఆర్.ఎఫ్., హాస్‌బ్రో కలిసి పెట్టిన ఆ కంపెనీ పుట్టింది 1987లో. బయటి బొమ్మలు సులభంగా దిగుమతి కాని రోజులవి. అందుకే అమెరికా బొమ్మ ఇక్కడ తయారై, ఇక్కడి అంగళ్లలో అమ్ముడుపోయేది.

ఇప్పుడు లెక్క చూడండి. 1987లో పుట్టిన కంపెనీ చేసిన బొమ్మ 1986 పెండ్లి పార్సెల్‌లో ఉండలేదు. అవ్వ మాట అక్కడే తెగిపోయింది.

బొమ్మ తీసుకుపోయి నాయన చేతిలో పెట్టినాను. ఆయన హోసూరు సిప్కాట్‌లో ఒక కంపెనీలో టర్నరుగా చేసి రిటైరైనాడు. మొదట బొమ్మ సంగతి మాట్లాడలేదు, అచ్చు సంగతి మాట్లాడినాడు. పక్కన సన్నగా కనిపించే గీత డై రెండు సగాలు కలిసే చోటని చూపించినాడు. చిన్న గుండ్రటి మచ్చ, అచ్చులోంచి బొమ్మను తోసే పిన్ను గుర్తంట. దేశం పేరు మార్చాలంటే డై అంతా మళ్లీ చేసే పని లేదు, అక్షరాలున్న చిన్న ముక్క ఒకటి మారిస్తే సరిపోతుంది అన్నాడు.

తర్వాత మెల్లగా చెప్పినాడు. "నేనే తెచ్చినాను. 93లో, దీపావళి బోనసు దుడ్లు వచ్చినప్పుడు బెంగళూరులో కొన్నా, నీకని."

"మరి ఎందుకు చెప్పలేదు నాయనా?"

"తెచ్చిన రెండో దినమే మీ అవ్వ బీరువాలో పెట్టుకునె. ఎవరో పేరు చదివి అమెరికా కంపెనీ అన్నారు. అంతే, పెద్దోడు అంపినాడు అని అందరికీ చూపిస్తా ఉండె. వాడి జాబులు అప్పటికే నిలిచిపోయినాయి. కాదు అని నేనెట్ల చెప్పేది?"

ముప్పై ఏండ్లు ఆయన ఆ మాట నోట్లోనే పెట్టుకున్నాడు. ఓటీ చేసి ఇల్లు నడిపిన కొడుకు కొన్న బొమ్మ, దూరంగా ఉన్న కొడుకు పేరు మీద బీరువాలో ఉన్నింది. అవ్వ ఉన్నన్నాళ్లూ ఆయనకు అది సమ్మతమే. ఆమె పోయి ఆరేండ్లయింది కాబట్టి ఇప్పుడు చెప్పినాడు, అది కూడా నేను అడిగితేనే.

ఇక అక్కకు ఏం చెప్పాల? బొమ్మ ఇచ్చేసి ఊరుకుంటే ఆమె పిల్లలు కూడా మా మాదిరే చెప్పుకుంటారు. చెప్పే ముందు అత్తను అడిగినాను, ఆ పార్సెల్‌లో నిజంగా ఏముండిందని. అత్త ట్రంకు పెట్టె తీసి ఒక చేతి గడియారం చూపించింది, నిలిచిపోయినది. దానికి చుట్టిన కాగితం కూడా ఉంది, పెదనాయన చేతిరాతతో. అడ్రసులో "ధర్మపురి జిల్లా" అని రాసినాడు. అది సరిపోతుంది: కృష్ణగిరి జిల్లా అయింది 2004లోనే, 1965 నుంచి అప్పటిదాకా మనది ధర్మపురి, దానికి ముందు సేలం.

అక్కకు ఉన్నదున్నట్టు చెప్పినాను. కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఆ కాగితం ఫోటో పంపు, నాన్న చేతిరాత చూడాల" అనింది. గడియారం తనే ఇస్తానని అత్త చెప్పింది, కాగితంతో సహా.

మీ ఇండ్లల్లో కూడా ఇట్లాంటి బొమ్మలు ఉంటాయి. చూసేటప్పుడు ఇవి గుర్తుపెట్టుకోండి. అట్టపెట్టె ఉంటే బొమ్మ కన్నా అదే ఎక్కువ చెప్తుంది, పారేయకండి. అడ్రసులో ఆరు అంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతిది. బొంబాయి 1995లో ముంబై అయింది, మద్రాసు 1996లో చెన్నై అయింది. మూడు బాణాల ముక్కోణంలో అంకె ఉంటే 1988కి ముందుది కాదు. ఏ ప్లాస్టిక్కో తెలియడానికి కాల్చి చూడకండి, నీళ్లలో వేయండి: లోపల గాలి లేని ముక్క తేలితే పాలిథీన్ జాతి, మునిగితే పాలిస్టైరీనో పీవీసీనో ఇంకేదో.

పేరును కూడా పూర్తిగా నమ్మకండి. బ్రిటన్ డింకీ లోహపు కార్ల పాత డైలు కొన్ని మన దేశానికి వచ్చి, ఆ పేరే కొంచెం చెక్కుడు మారి "నిక్కీ" అయింది. డై ఒకరిది, బొమ్మ ఇంకొకరిది. బాగా కడిగేసి, పెయింటు వేసి ఫోటో పంపకండి. అరిగిన చోటే సమాచారం ఉంటుంది.

మా పట్టీలో ఈ వస్తువు వివరం ఇప్పుడు ఇట్లా రాసినాము:

ప్లాస్టిక్ సిపాయి. రూపం హాస్‌బ్రో, 1986. తయారీ ఫన్‌స్కూల్, ఇండియా, 1987 తర్వాత. కొన్నది నాయన, బెంగళూరులో, 1993 దీపావళికి. దాచింది అవ్వ. నడుము రబ్బరు మార్చాల.