పురుడు నాడు రాసిన రెండు పేర్లు

మద్దూరులో మా పద్మశాలి వాడ నుంచి బస్టాండు దాకా నడుచుకుంటూ పోయి, ఎదురైన ముసలివాళ్ల పేర్లు అడిగితే చాలు, ఒక తరం తల్లుల కడుపుకోత తెలుస్తుంది. పెంటయ్య, పెంటమ్మ, ఇస్తారి, పుల్లయ్య, భిక్షపతి. పుట్టిన పిల్లలు ఒకరి వెనుక ఒకరు పోతుంటే, ఆ తరువాత పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీద పండబెట్టేవాళ్లు. ఇంకో ఆమె ఎత్తుకుంటే, చాటెడు నూకలో తవుడో ఇచ్చి ఆమె దగ్గర మళ్లీ కొనుక్కునేవాళ్లు. అట్లా దక్కినవాడు పెంటయ్య. ఎంగిలి ఇస్తరాకుల మీద పొర్లించినవాడు ఇస్తారి. ఇల్లిల్లూ తిరిగి అడుక్కొచ్చిన గుడ్డతో కుట్టిన అంగీ తొడుక్కున్నవాడు భిక్షపతి. కొమురెల్లి మల్లన్నకు మొక్కితే మల్లయ్య, కొమురయ్య. నల్లగొండ దిక్కు పోతే దర్గాకు మొక్కితే పుట్టిన సైదులు ఊరూరా ఉంటారు, అందులో హిందువులు ఎంతోమంది. వీటిని మోటు పేర్లని నవ్వేవాళ్లను చూస్తే నాకు కోపమొస్తుంది. చావు కంట పడకుండా బిడ్డను దాచుకోవడానికి పెట్టిన పేర్లవి.

నేను అంగన్‌వాడీ టీచర్‌ను. నా రిజిస్టర్‌లో ఇప్పుడు పెంటయ్యలు లేరు. ఆయుష్, చిరాయు, అమృత, అక్షయ, శాశ్వత్ ఉన్నారు. దీర్ఘాయువు మీద ఆశ ఏమీ తగ్గలేదు, అడిగే తీరు మారింది. మారడానికి కారణం కూడా నాకు తెలుసు. 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మంది పిల్లల్లో 129 మంది మొదటి పుట్టినరోజు చూడకుండానే పోయారు. 2020 నాటికి అది 28కి దిగింది, తెలంగాణలో 21కి. దావఖాన కాన్పులు, టీకాలు, మంచి నీళ్లు, కొంచెం తిండి. ఈ లెక్కలు మీటింగుల్లో విన్నప్పుడు సంతోషపడ్డాను. కానీ ఆ మిగిలిన ఇరవై ఒక్కమందిలో ఒకరు మన ఇంటి నుంచే పోతే ఆ సంతోషం ఇంట్లోకి రాదు.

2018 వానాకాలంలో మా మరదలికి తొలి కాన్పు తల్లిగారింట్లో అయింది. ఆడపిల్ల. నెలలు నిండకుండానే పుట్టింది, పురుడు కాకముందే పోయింది. మా దిక్కు ఇరవై ఒకటో నాడు తొట్టెలలో వేసి పేరు పెడతాం. అంతదాకా బిడ్డకు పేరుండదు. 1969 నాటి జనన మరణాల చట్టం పెట్టిన గడువు కూడా ఇరవై ఒక్క రోజులే. పేరు లేకున్నా పుట్టుక రాసుకుంటారు, ఏడాది లోపల పేరు చెబితే రుసుము లేకుండా ఎక్కిస్తారు. మా పాపకు పుట్టిన కాగితం, పోయిన కాగితం రెండూ వచ్చాయి. రెండింటిలోనూ పేరు దగ్గర ఖాళీ. ఆ కాగితాలను మరదలు చీరల పెట్టెలో అడుగున పెట్టుకున్నదని నాకు చాలా రోజులకు తెలిసింది.

2019 చలికాలంలో కొడుకు పుట్టాడు. ఈసారి కాన్పు సర్కారు దావఖానలో, మా దగ్గరే. కేసీఆర్ కిట్టు సంచి భుజాన వేసుకొని, బిడ్డను రొమ్ముకు అదుముకొని మరదలు ఆటో దిగింది. మా తమ్ముడు భివండిలో పవర్‌లూమ్ మీద పని చేస్తాడు. మా వాడ నుంచి బొంబాయి, భివండి, షోలాపూర్, సూరత్ పోని ఇల్లు తక్కువ. పురుటికి నాలుగు రోజుల ముందు బస్సు దిగి వచ్చాడు, జేబులో ఒక కాగితం పెట్టుకొని. సాంచెల దగ్గర తోటివాళ్లను అడిగి, ఫోనులో వెదికి రాసుకున్న పేర్లు. అన్నీ ఒకటే తీరు: చావు లేనివాడు, ఎన్నటికీ ఉండేవాడు, తరగనివాడు. అయ్యగారు పుట్టిన ఘడియ చూసి కృత్తిక మొదటి పాదమన్నాడు. కృత్తికకు అక్షరాలు అ, ఇ, ఉ, ఎ. మొదటి పాదానికి ‘అ’. తమ్ముడి మొఖం వెలిగిపోయింది. అతని కాగితంలో పైన రాసుకున్నదే ‘అమర్’.

“అమర్ పెడుదామక్కా. చిన్నగుంటది, పిలువ మంచిగుంటది.”

నాయనమ్మ మంచంలో లేచి కూర్చున్నది. అప్పటికి ఆమెకు ఎనభై దాటాయి. “ఆ పేరద్దు కొడుకా. నేను జూసిన అమరులంత రాతి మీదనే ఉన్నరు.”

నాయనమ్మ తల్లిగారి ఊరు బైరాన్‌పల్లికి పక్కనే. బైరాన్‌పల్లి మొన్నటిదాకా మా మద్దూరు మండలంలోదే, కొత్త మండలం అయినప్పుడు దూల్మిట్టలోకి పోయింది. మేమే ఒకప్పుడు వరంగల్ జిల్లా వాళ్లం, 2016 దసరా నుంచి సిద్దిపేట వాళ్లమయ్యాం. 1948 ఆగస్టు 27న తెల్లారక ముందే రజాకార్లు, నిజాం పోలీసులు ఆ ఊరి మీద పడ్డారు. అంతకుముందు ఊరివాళ్లు బురుజు మీద కాపలా కాసి, ఒకటికి రెండుసార్లు వాళ్లను తరిమారు. ఆ పగ పట్టి ఫిరంగులతో వచ్చారు. దొరికిన మగవాళ్లను వరుసగా నిలబెట్టి కాల్చారు. సరిగ్గా ఇరవై ఒకటో రోజుకు, సెప్టెంబర్ 17న నిజాం రాజ్యం కూలింది. ఇంకొక్క మూడు వారాలు బతికితే చాలు, వాళ్లంతా దక్కేవాళ్లు. పదేళ్ల పిల్లగా నాయనమ్మ జొన్నచేన్ల నడుమ పరుగెత్తి వస్తున్న ఆడవాళ్లను చూసింది. అందులో ఒకామె చంకలో పసిపిల్ల ఉన్నదట, ఏడ్వకుండా నోట్లో కొంగు కుక్కిందట. ఈ మాట నాయనమ్మ ఎన్నిసార్లు చెప్పినా అక్కడికి వచ్చి ఆగేది. బురుజు ఇప్పటికీ ఉన్నది. స్తూపం మీద పేర్లున్నాయి. తెలంగాణ కోసం పానాలు ఇచ్చిన పిల్లలనూ మేం అమరులు అనే మాటతోనే తలుచుకుంటాం. ఊళ్లో ఫ్లెక్సీ మీద ఆ మాట కనబడితే ఎవరింట్లో పీనుగ లేచిందో అని చూసే అలవాటైన కండ్లు నాయనమ్మవి. తమ్ముడు మారు మాట్లాడకుండా ఆ పేరు కొట్టేశాడు.

అక్షరం అటే ఉండనీ అని మా అమ్మ ‘మృత్యుంజయ్’ అన్నది. మరదలు తలకాయ అడ్డంగా ఊపింది. “పొద్దుమాపు పిలిచే పేర్ల మృత్యువు ఎందుకత్తమ్మా?” చిరంజీవి సంగతి వచ్చింది. అశ్వత్థామ, బలి, వ్యాసుడు, హనుమంతుడు, విభీషణుడు, కృపుడు, పరశురాముడు అని బాపు వేళ్లు మడిచి చెప్పాడు. అందులో అశ్వత్థామకు చావు లేకపోవడం శాపం. ఉపపాండవులను నిద్రలో చంపి, మానని పుండుతో తిరిగేవాడి బతుకు ఎవరికి కావాలి? అక్కడ అందరం కాసేపు ఊకున్నాం.

అప్పుడు తమ్ముడే అన్నాడు, “మన మార్కండేయుడు లేడా?”

పద్మశాలీలకు మార్కండేయుడు ఇంటి దేవుడు, కులానికి మూలపురుషుడు. మా చిన్నప్పుడు ఆయన కథ చెప్పే కూనపులివాళ్లు చేర్యాల పటం తెచ్చి వాడకట్టులో కట్టేవాళ్లు. చేర్యాల మాకు దగ్గరే, ఆ నకాషీ బొమ్మలకు తరువాత భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఎర్రటి నేల మీద బొమ్మలు, గజాల కొద్దీ గుడ్డ. కథ నడుస్తున్న కొద్దీ పటం కిందికి దిగేది. మృకండుడు తపస్సు చేయడం, శివుడు అడగడం: నూరేళ్లు బతికే మందమతి కావాలా, పదహారేళ్లకే పోయే గుణవంతుడు కావాలా? తండ్రి రెండోదే కోరుకుంటాడు. పిల్లవాడు లింగాన్ని కావలించుకునే బొమ్మ వచ్చేసరికి వాడకట్టు మొత్తం ఊపిరి బిగబట్టేది. యముని పాశం లింగం మీద పడుతుంది, శివుడు లేచి యముణ్ని తంతాడు. మేం పిల్లలం ఆ తన్నుకు చప్పట్లు కొట్టేవాళ్లం. ఆ పేరు కంటే మించిన పేరు మాకు ఏముంటుంది అనుకున్నాం. ‘అ’ అక్షరం కాకున్నా అయ్యగారు అడ్డు చెప్పడు.

మరదలు మెల్లగా అన్నది, “వదినె, శివుడు ఆఖరుకొచ్చి కాపాడిండు. సరే. పదారేండ్లు ఆ తల్లి ఎట్ల పండుకున్నదో పటంల యాడన్న ఉన్నదా?”

లేదు. ఆ పటాన్ని ఎన్నోసార్లు చూశాను, యముని మీసాలు కూడా గుర్తున్నాయి. తల్లి ఒక మూలన చేతులు జోడించి నిలబడి ఉంటుంది, అంతే. మరదలు మొదటి పాపతో ఉన్న ఆ కొన్ని రోజులూ కన్ను మూయలేదు. ఊపిరి ఆడుతుందా లేదా అని ముక్కు దగ్గర వేలు పెట్టుకొని కూర్చునేది. ఈ బిడ్డ దగ్గర కూడా అట్లే కూర్చుంటున్నదని నాకు ఆ రాత్రి అర్థమైంది. పేరు ఏరుకునే అర్హత మాలో అందరికంటే ఎక్కువ ఆమెదే. ఆమెను మాత్రం ఎవరమూ అడగలేదు, మాకు తోచింది మేం చెప్పుకుంటూ పోయాం.

నాయనమ్మ పట్టు నాయనమ్మదే. “బిచ్చపతి అనుండ్రి. మీ బాపును అదే బతికిచ్చింది.” బాపు కంటే ముందు పుట్టిన ఇద్దరు కొడుకులకు దేవుళ్ల పేర్లు పెట్టిందట. ఒకడు అమ్మవారు పోసి పోయాడు, ఒకడు వాంతులు, విరేచనాలతో పోయాడు. మూడోవాడికి ఐదిండ్లు తిరిగి గుడ్డ పీలికలు అడుక్కొచ్చి అంగీ కుట్టించింది. బాపు ఏమంటాడోనని చూశాం. బడిలో ఆ పేరుతో పడ్డ నవ్వులు ఆయన మరిచిపోయేవి కావు. బాపు అంగీ చెయ్యి పైకి మడిచి, భుజం కింద గుండ్రని మచ్చ చూపించాడు. మశూచి టీకా మచ్చ. “అవ్వా, ఇది గూడ బతికిచ్చింది” అన్నాడు. దేశంలో ఆ రోగం 1975లో ఆగిపోయింది, నా ఈడు వాళ్లలో చాలామందికి ఆ మచ్చ ఉండదు. నాయనమ్మ ఆ మచ్చను తడిమి చూసింది. “టీకాలోడొస్తె నిన్ను గడెంచల దాసిపెట్టిన. మీ నాయిన గుంజుకొచ్చి ఏపిచ్చిండు” అన్నది. ఆ సంగతి మాకెవరికీ తెలియదు, బాపుకు కూడా.

మరునాడు బీడీలు చుట్టుకుంటూ మరదలు తనంతట తానే మాట తీసింది. తునికాకు కత్తిరించే కత్తెర పక్కన పెట్టి, “అక్షయ్ అందాం” అన్నది. వాళ్ల నాయన చిన్నప్పుడు భారతం కథ చెప్పేవాడట. అడవిలో పాండవుల దగ్గర అక్షయ పాత్ర ఉంటుంది, ద్రౌపది తిన్నంక ఆ పూటకు అది ఖాళీ. ఆమె తిని కడిగిన వేళకు దూర్వాసుడు శిష్యులతో వస్తాడు. కృష్ణుడు గిన్నె తెప్పించి, అంచుకు అంటుకున్న ఒక్క మెతుకు నోట్లో వేసుకుంటాడు, లోకం కడుపు నిండుతుంది. “అంత అయిపోయిందనుకున్న గిన్నెల ఒకటి మిగిలింది గద వదినె. నా కొడుకు గూడ అట్లనే మిగలాలె.” తమ్ముడి కాగితంలో ఆ పేరు మూడో నాలుగో వరుసలో ఉన్నది. ఫోను చెప్పిన అర్థం కూడా పక్కనే రాసుకున్నాడు, తరిగిపోనిది అని. ఈ కథ మాత్రం అందులో లేదు.

“ఇంకోటి,” అన్నది. “ముందుగాల నా బిడ్డకు పేరు పెట్టాలె. పెద్దదాన్ని ఇడిచిపెట్టి చిన్నోనికి ఎట్ల పెడుతరు?”

ఇంట్లో గాలి ఆగినట్టయింది. పోయిన పసికందుకు పేరు పెట్టే ఆచారం మాకు లేదు. పాడు ముచ్చట, మంచి పూట అట్లాంటిది తలవద్దు అని అమ్మ అనబోయింది. నాయనమ్మ చెయ్యెత్తి ఆపింది. “పెట్టుండ్రి. ఎప్పటికి ఉండే పేరు ఆ పిల్లకే పెట్టుండ్రి.” ఆ ముసలామె కూడా ఇద్దరిని పోగొట్టుకున్నది. కానీ ఆ ఇద్దరికీ పేర్లున్నాయి, ఎన్నో ఏండ్ల కిందివి, అప్పటికీ ఆమె నోట ఉన్నాయి. మరదలికి తలుచుకోవడానికి ఒక మాట కూడా లేదు, “పాప” అనడమే.

పురుడు నాడు ఇల్లు అలికారు. చీరతో తొట్టెల కట్టారు. మా దగ్గర పేరు పలకడం మేనత్త పని, అది నా వంతు. ఇత్తడి పళ్లెంలో బియ్యం పరిచి, పసుపుకొమ్ము నా చేతికిచ్చారు. పైన ‘అమృత’ అని రాశాను. మరదలే ఎంచిన పేరు. కింద ‘అక్షయ్’ అని రాశాను. అయ్యగారు రెండు పేర్లనూ చూశాడు, ఏమీ అడగలేదు, రెండింటి మీదా అక్షింతలు వేశాడు. ఆ మంచితనానికి ఆయనకు ఇప్పటికీ దండం పెడతాను. పిల్లవాని చెవిలో మూడుసార్లు అక్షయ్ అని పలికాను. నాయనమ్మ వంగలేక వంగి, రెండో చెవిలో “బిచ్చపతి” అన్నది. ఆపడానికి ఎవరికీ మనసు రాలేదు. ఆ బియ్యంతోనే మధ్యాహ్నం పరమాన్నం వండి వాడకట్టు పిల్లలకు పెట్టాం.

అయిదారు రోజులకు పంచాయతీ ఆఫీసులో తమ్ముడు కొడుకు పేరు ఎక్కించాడు. పాప కాగితంలో కూడా ఎక్కించుదామా అని అడిగితే మరదలు ఆలోచించి, ఎక్కించుమన్నది. ఏడాది దాటినందుకు ఆలస్య రుసుము కట్టాలి. కట్టి వచ్చాడు. చట్టం పదిహేనేండ్ల దాకా ఆ వీలు ఇస్తుందని చాలామందికి తెలియదు. ఇట్లాంటి ఇండ్లకు పోయినప్పుడు, వాళ్లు వినే స్థితిలో ఉంటే నేను ఆ సంగతి చెబుతాను.

నాయనమ్మ పోయి కొన్నేండ్లయింది. అక్షయ్ బడికి పోతున్నాడు, నా అంగన్‌వాడీ రిజిస్టర్ దాటిపోయాడు. ఇంట్లో, బడిలో అందరూ అక్షయ్ అనే పిలుస్తారు. ఒళ్లు కాలినప్పుడు మాత్రం మరదలు టీకాల కార్డు చేతబట్టుకొని, వాణ్ని భుజానేసుకొని దావఖానకు ఉరుకుతుంది. ఉరుక్కుంటనే, “బిచ్చపతీ, కండ్లు తెరువురా, ఓ బిచ్చపతీ” అంటుంది.