చిరాన్ గోడ పక్కన

హైదరాబాద్ కేబీఆర్ పార్కుకు పొద్దున్నే వచ్చేవాళ్లలో కొందరి కళ్లు సినిమావాళ్ల కోసం వెతుకుతుంటాయి. నేను వెళ్లింది లోపలున్న చిరాన్ ప్యాలెస్ కార్ల షెడ్డు, మోటర్‌ఖానా చూద్దామని. టికెట్టు కొని ఎర్రమట్టి బాటలో నడుస్తూ కాపలా మనిషిని అడిగాను.

"మోర్ బంగ్లా, గోల్ బంగ్లా, గుర్రాల కొట్టం అన్నీ లోపలున్నయి సార్. గని అటు పోనియ్యరు," అన్నాడు.

ఒకవైపు ఎన్టీఆర్ ట్రస్ట్ భవన్, మరోవైపు జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు. నడుమ దాదాపు 390 ఎకరాల బండరాళ్లు, తుప్పలు, నెమళ్లు. ఇంత అడవి మిగిలిందంటే, నా లెక్కలో, చెట్ల మీద ప్రేమ వల్ల కాదు. ఒక కుటుంబం ఆస్తిగా గోడల మధ్య ఉండిపోవడం వల్ల. ఆ కుటుంబం నిజాములది. 1967లో చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పోయాక వారసుడైన మనవడు ముకర్రం జాది ఈ చిరాన్ ప్యాలెస్. ఆయన పుట్టింది ఫ్రాన్స్‌లోని నీస్‌లో. తల్లి దుర్రుషెహ్వార్ చివరి ఒట్టోమన్ ఖలీఫా కూతురు. 1971లో రాజభరణాలు రద్దయ్యాయి, వారసుల దావాలు ముసురుకున్నాయి. ఆయన పశ్చిమ ఆస్ట్రేలియాలో గొర్రెలు మేపుకోవడానికి వెళ్లిపోయాడు. 1976 నాటి పట్టణ భూపరిమితి చట్టం ఈ ఎస్టేటునూ వదల్లేదు. 1998లో ఇది జాతీయ పార్కయింది, మాజీ ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి పేరు పెట్టారు. నిజాం మనవడి జాగాకు గుంటూరు జిల్లా రెడ్డిగారి పేరు!

అక్కణ్నుంచి ఫిల్మ్‌నగర్‌కు ఆటో ఎక్కాను. ఇది షేక్‌పేట గుట్టల నేల. మద్రాసు నుంచి సినిమా పరిశ్రమను రప్పించడానికి ప్రభుత్వం స్థలాలిచ్చింది. పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు వెలిశాయి. అంతకు ముందే 1976లో నటుడు అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియోస్ తెరిచారు. ఇంగ్లండు పల్లెల్లో జమీందారు బంగళా చుట్టూ ఊరు పెరుగుతుంది. ఇక్కడి కొత్త దొరలైన సినిమావాళ్లకు తాతల నాటి ఊరు లేదు, ప్లాటు నంబరుంది. ఆ మేడల కిందనే బస్తీలు: లైట్‌మెన్, జూనియర్ ఆర్టిస్టులు, మేకప్ సహాయకుల ఇళ్లు.

ఇక ఆ చిరాన్ ప్యాలెస్ సొంతదారు ముకర్రం జా 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో కన్నుమూశారు. హైదరాబాద్ మక్కా మసీదులో ఖననం చేశారు. ఇంగ్లండులో చిరాన్ లాంటి బంగళాలకు టికెట్టు పెట్టి వంటింటి గిన్నెలతో సహా చూపిస్తారు. పార్కు టికెట్టు మీద ఇంకో పాతిక రూపాయలైనా ఇస్తాను, ఆ మోటర్‌ఖానా తలుపు వారానికో రోజు తీయండి.