ఏం ఎత్తుతావో ముందు చెప్పు

విజయవాడ ఆటోనగర్‌లో బాబ్‌క్యాట్‌లకు గ్రాపుల్స్, అంటే సరుకును పట్టి ఎత్తే పళ్ళ దవడలు, కట్టే వెల్డింగ్ షాపు ఒకటి ఉందని, వెళ్ళి చూసి రాయమని మా సంపాదకులు పంపారు. స్కిడ్ స్టీర్ లోడర్ అనే ఈ చిన్న మిషన్ ఏ కంపెనీదైనా ఇక్కడ అందరికీ బాబ్‌క్యాట్టే. నేను వెళ్ళేసరికి మేస్త్రి గారు నేలమీద గొంతుక్కూర్చుని సుద్దముక్కతో గ్రాపుల్ పన్ను బొమ్మ గీస్తున్నారు. ఎదురుగా ఒక కాంట్రాక్టరు నిలబడి రేటు అడుగుతున్నాడు.

“రేటుకేం తొందర? ఏం ఎత్తుతావో ముందు చెప్పు.”

“అన్నీ ఎత్తాలి మేస్త్రి గారూ.”

“అన్నీ అంటే? కంపా, రాళ్ళా, దుంగలా, ఇళ్ళు కొట్టిన రద్దా?”

కాంట్రాక్టరు నసిగాడు. చివరికి తేలిందేమిటంటే అతని పనిలో ముప్పాతిక వంతు చెరువుల్లో సర్కారు తుమ్మ తీయడమే. అప్పుడు మేస్త్రి గారు గీసిన బొమ్మ చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టారు. పన్నుకీ పన్నుకీ మధ్య ఎడమచెయ్యి చాపి, జానెడుకి ఓ వేలు తగ్గించి గుర్తు పెట్టారు. ఆ సందుంటే వేళ్ళతో సహా పెకలించిన తుమ్మ మొద్దు పైకి లేస్తుంది, మట్టి కిందికి రాలిపోతుంది. అదే రాళ్ళు ఏరాలంటే సందు బెత్తెడుకు మించకూడదట. ఇళ్ళ రద్దుకైతే అసలు సందే ఉండకూడదు, అడుగు మూసిన బకెట్‌కి పైన దవడలు పెట్టాలి. దుంగలకు ఇవేవీ కావు, చుట్టూ తిరిగి పట్టుకునే వంపు కావాలి.

ఆ సుద్ద గీతల దగ్గరే నేను చాలాసేపు ఉండిపోయాను. షాపంతా తిరిగి చూడాలన్న ధ్యాసే పోయింది. ఆయన బొటనవేలి గోరు నల్లబడి ఉంది. తయారైన ఒక గ్రాపుల్ పిన్నును బుష్‌లోకి దూర్చి, ఆ గోటిని అంచు చుట్టూ తిప్పి, ఎక్కడ వదులుందో కళ్ళు మూసుకునే చెప్పారు. పై దవడ ఒకటే పెట్టొచ్చుగా, ఖర్చు తగ్గుతుంది కదా అన్నాడు కాంట్రాక్టరు. మేస్త్రి గారు ఒప్పుకోలేదు. తుమ్మ మోపుకి ఒకవైపు లావు మొద్దు, ఇంకోవైపు సన్నకొమ్మలు. దవడ ఒకటే అయితే మొద్దు దగ్గరే ఆగిపోతుంది, కొమ్మలు జారిపోతాయి. రెండు దవడలు దేనికది మూసుకుంటేనే మోపు మొత్తం బిగుస్తుంది.

బరువు సంగతి ఆయన ఇంకా గట్టిగా చెప్పారు. టైర్ల మీద నడిచే బాబ్‌క్యాట్ ఎంత బరువుకి ముందుకు తూలుతుందో అందులో సగమే దాని అసలు మోత. 1,600 కిలోలకు తూలే మిషన్‌ 800 కిలోలే ఎత్తాలి. ఆ లెక్క మామూలు బకెట్ ఉన్నప్పటిది. గ్రాపుల్ బకెట్ కంటే ఎంత బరువెక్కువైతే మోత అంత తగ్గుతుంది. ముందుకు పొడుచుకొస్తే మరికాస్త తగ్గుతుంది. మందపాటి ప్లేటు వేసినంత మాత్రాన గట్టి సరుకు అయిపోదు. ఇక హైడ్రాలిక్ ఆయిల్ మాటకొస్తే, తెరుచుకుని మూసుకునే పనికి మామూలు ఫ్లో చాలు, హై ఫ్లో మిషన్ కొనక్కర్లేదు. ఆ డబ్బుతో సిలిండర్ల మీద కవచాలు, కొమ్మలకు చిక్కుకోకుండా హోస్ పైపులకు అడ్డుపట్టీలు పెట్టించుకోమన్నారు.

పక్కనే ఇంకో మిషన్ రిపేరుకొచ్చింది. దాని డ్రైవరు టీ తాగుతూ ఎవరికో చెబుతున్నాడు: “బకెట్ ఒక్కటే ఇచ్చి కంప ఎత్తమంటారు అన్నా. నేను లోపల కూర్చుని లీవర్లు లాగుతా. కింద ఇద్దరు చేతుల్తో కంప బకెట్‌లోకి తొయ్యాలి. ముళ్ళు వాళ్ళకి గదా దిగేది.” ఏ ఊరి మునిసిపాలిటీ పనో అతను చెప్పలేదు, నేను అడగలేదు. విన్నాక నాకు కోపం ఆగలేదు. లక్షలు పోసి కొన్న యంత్రం ముందు మనిషి ఒట్టి చేతులతో ముళ్ళకంప నెట్టడమేమిటి? 2024 సెప్టెంబరులో బుడమేరు వరద ముంచి వెళ్ళాక సింగ్ నగర్ సందుల్లో తడిసిన పరుపులు, విరిగిన బీరువాలు గుట్టలు పడ్డాయి. పెద్ద జేసీబీ తిరగలేని అలాంటి సందుల కోసమే ఈ చిన్న మిషన్ ఉంది. కానీ దవడ లేని బకెట్ పరుపును పట్టుకోలేదు, తోస్తుందంతే.

ఈ యంత్రం పుట్టిందే ఒక రైతు గోడు విన్నందుకు. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం రోత్సే అనే పల్లెలో కెల్లర్ అన్నదమ్ములది వెల్డింగ్ షాపు. టర్కీ కోళ్ళు పెంచే ఒకాయన, స్తంభాల మధ్య పెంట ఎత్తడానికి ట్రాక్టరు తిరగట్లేదని వాళ్ళకు చెప్పుకున్నాడు. 1957లో వాళ్ళు ఆయన కోసం కట్టిన మూడుచక్రాల చిన్న లోడరే తర్వాత బాబ్‌క్యాట్ అయింది. అక్కడ పనిచేసేవాడి మాట నేరుగా కమ్మరి చెవిన పడింది. మన దగ్గర ఆ ఇద్దరి మధ్యకు టెండరు కాగితం వచ్చింది. అందులో వెడల్పు ఉంటుంది, రేటు ఉంటుంది. ఏం ఎత్తాలన్నది ఉండదు. అందుకే ఒకే రకం గ్రాపుల్ అన్ని ఊళ్ళకూ పోతుంది, పనికిరాక షెడ్డులో తుప్పు పడుతుంది. “ఏం ఎత్తుతావు” అని అడిగే మేస్త్రికి పని తగ్గుతుంది. ఆయన చేతి జానలో ఉన్న విద్య నేర్చుకోవడానికి ఆ షాపులో ఇప్పుడు ఒక్క కుర్రాడే ఉన్నాడు.

చాలా కంపెనీల బాబ్‌క్యాట్‌లకు తగిలింపు ప్లేటు ఒకే కొలతలో ఉంటుంది. కాబట్టి మన ఆటోనగర్లలో కట్టిన గ్రాపుల్ వాటికి చక్కగా సరిపోతుంది, కావలసింది కొనేవాడి శ్రద్ధే. మునిసిపల్ ఇంజనీర్లకు నా మనవి ఇదే: టెండరు రాసేముందు మీ డ్రైవర్నీ, కింద నిలబడి కంప తోసే కార్మికుణ్ణీ వెంటబెట్టుకుని ఇలాంటి షాపుకి ఒక్కసారి వెళ్ళండి. ఏం ఎత్తాలో వాళ్ళ నోట చెప్పించండి, ఆ మాటే టెండరులో మొదటి షరతుగా రాయండి.